ఆయాసం గోలి, ఎనిమిది సాంచెలు

కరెంటు పోతే సంతోషపడే మనిషి ఆ రోజుల్లో సిరిసిల్ల మొత్తంలో నేనొక్కణ్నే. మరమగ్గాన్ని మా దగ్గర సాంచె అంటారు. ఒక రేకుల షెడ్డులో ముప్పై సాంచెలు టకటకా కొట్టుకుంటుంటే పక్క మనిషి మాట వినబడదు, నోటి కదలిక చూసి అర్థం చేసుకోవాలి. కరెంటు పోయిందంటే ఆ చప్పుడంతా ఒక్కసారే ఆగిపోతుంది. అందరూ కరెంటోళ్లను నోరారా తిట్టి, పేకముక్కలు బయటికి తీసేవాళ్లు, లేకుంటే సాంచెల సందుల్లో తువ్వాల పరుచుకుని ఒరిగేవాళ్లు. నేను లుంగీ విప్పి మేకుకు తగిలించి, లోపల వేసుకున్న నిక్కరుతో రోడ్డెక్కేవాణ్ని. కరెంటు ఎంతసేపు లేకుంటే అంతసేపు పరుగు. షెడ్ల చప్పుడు రోడ్డు దాకా వినబడింది అంటే కరెంటు వచ్చినట్టు. అప్పుడు వెనక్కి తిరిగి ప్రాణం పెట్టి ఉరకాలి, ఎందుకంటే నా సాంచెలు నా కోసం ఆగి ఉంటాయి.

నిజానికి ఆగి ఉండేవి కావు. నేను వచ్చేలోపు మా అన్న వాటిని నడిపిస్తుండేవాడు. ఆయనవి నాలుగు సాంచెలు, నావి నాలుగు, పక్కపక్కనే. నాకన్నా పన్నెండేళ్లు పెద్దవాడు. మా నాయన నా చిన్నప్పుడే పోయాడు కాబట్టి నన్ను పెంచింది, తన్నింది, బడికి పంపింది అంతా ఆయనే. పెళ్లి కూడా ఆలస్యంగా చేసుకున్నాడు. ముప్పై దాటేసరికి దూది నుసి ఆయన ఛాతీలో చేరిపోయింది. మెట్లెక్కితే ఈల వేసినట్టు ఊపిరి చప్పుడయ్యేది.

నేను బాగా ఉరుకుతానని మొదట కనిపెట్టింది మా బడి డ్రిల్లు సారు. బడి అయిపోయాక కూడా ఆయన నన్ను వదల్లేదు. డ్రిల్లు మాస్టరు ట్రైనింగుకు జగిత్యాలలో ఏడాదికోసారి పరుగు పెట్టి మనుషులను తీసుకుంటారని, ఐదు వేల మీటర్లలో మొదటి ఇద్దరికే సీటని ఆయనే చెప్పాడు. ఆ మాట విన్న రోజు నుంచి మా అన్నకు వేరే ధ్యాస లేదు.

"నా ఛాతి ఎట్లనో ఖరాబైంది, పోనీ. నీది ఖరాబు కాకముందే నువ్వు గీ షెడ్డుల నుంచి బయటవడాలె తమ్మీ," అనేవాడు. "డ్రిల్లు మాస్టర్‌వైతే సచ్చేదాక మంచి గాలి పీలుస్తవు."

మంచి గాలి కోసం ఒక మనిషి ఇంత ఆరాటపడటం నాకప్పుడు నవ్వులాటగా ఉండేది. నాకు ఆ సీటు మీద మోజు వేరే. ఈల మెడలో వేసుకుని, తెల్ల బూట్లతో, పిల్లలను వరుసలో నిలబెట్టి అరవొచ్చు కదా అని. నాకు మొదటి నుంచీ అరవడం ఇష్టం.

ఐదు వేల మీటర్లు ఉరకాలంటే తెల్లవారుజామున సాధన చెయ్యాలి, ఎవరైనా చెప్తారు. సారు కూడా అదే చెప్పాడు. కానీ ఆ రోజుల్లో మా వైపు తెల్లవారుజామున రోడ్డు మీద ఉరికే మనిషిని ఎవరూ ఆటగాడు అనుకోరు. అడవిలో ఉన్న నక్సలైట్లను ఊళ్లో అందరూ అన్నలనే పిలిచేవాళ్లు. చీకట్లో ఉరుకుతున్నవాడు అన్నలకు చిట్టీ తీసుకుపోతున్నాడని పోలీసులు అనుకుంటారు, పోలీసులకు కబురు తీసుకుపోతున్నాడని అన్నలు అనుకుంటారు. ఎటు చూసినా నా వీపుకే ముప్పు. పైగా నా మొదటి రోజు సంగతి చెప్తే మీరు నవ్వుతారు. పరుగు మొదలుపెడుతున్నాననే సంబరంతో మా అన్న ఎవరి దగ్గరో మిగిలిన రంగులో ముంచి నాకొక బనీను తయారుచేశాడు. ఏ రంగు? ఎరుపు. నిప్పులాంటి ఎరుపు. నేను దాన్ని తొడుక్కుని వేములవాడ రోడ్డు మీద ఇంకా తెల్లారకముందే ఉరికాను. జీపు నా పక్కన ఆగింది.

ఆ రోజు నాకు పడిన దెబ్బలు లెక్కపెట్టలేదు. మధ్యాహ్నానికి డ్రిల్లు సారు ఠాణాకు వచ్చి, నేను తన శిష్యుణ్నని చేతులు జోడించి చెప్పుకున్నాడు. ఎస్సై నా బనీను చేతిలో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఉరుకుతే ఉరుకు. పగటిపూట ఉరుకు, తారు రోడ్డు మీద ఉరుకు, అందరికి కనవడేటట్టు ఉరుకు. ఇంకోపాలి గీ రంగు తొడిగినవంటే మాత్రం నేను ఉరికిస్త," అన్నాడు.

అలా నా పరుగు మిట్టమధ్యాహ్నానికి మారింది. కరెంటు కోత కూడా అప్పుడే ఉండేది కాబట్టి సరిపోయింది. కానీ ఎండ! తారు మెత్తబడి కాలికి అంటుకునేది. పది నిమిషాలు ఉరికేసరికి తల తిరిగేది. తిరిగి షెడ్డుకు వచ్చి సాంచె ముందు నిలబడితే మోకాళ్లు వణికేవి. మా అన్న ఓ కంటితో తన సాంచెలను, ఇంకో కంటితో నన్ను చూసేవాడు. నాలుగు రోజులు చూసి, ఐదో రోజు జేబులోంచి కాగితం పొట్లం తీశాడు.

"గిది సగం ఏస్కో. తర్వాత జెప్పు ఎట్లుందో."

అవి ఆయన ఆయాసం గోలీలు. జగిత్యాలలో ఛాతి డాక్టరు చిట్టీ రాసి ఇచ్చినవి, రోజుకు రెండు చొప్పున వేసుకోమని. ఊపిరి గొట్టాలను వదులు చేసే గోలి అది. కానీ దానికి ఇంకో గుణం కూడా ఉందని డాక్టరు చెప్పకుండానే మా అన్న కనిపెట్టాడు. వేసుకుంటే నిద్ర రాదు, ఆకలి కాదు, ఒళ్లంతా హుషారు. పొద్దంతా నడిపి మళ్లీ రాత్రి షిఫ్టు కూడా నడపగలడు. షెడ్డులో ఇంకో ఇద్దరు ముగ్గురు కూడా ఆయాసం లేకపోయినా ఆయనను అడిగి ఒకటో రెండో తీసుకునేవాళ్లు.

సాంచె పనిలో ఒక సంగతి ఉంది, అది చెప్తేగానీ మా తెలివి మీకు అర్థం కాదు. సాంచె ఎంత వేగంగా నడవాలన్నది మనిషి చేతిలో ఉండదు, మోటారు చేతిలో ఉంటుంది. మనిషి చేతిలో ఉన్నదల్లా దాన్ని ఆగనివ్వకపోవడం. అటూ ఇటూ పోయే నాడెలో దారం కండె అయిపోతే కొత్తది పెట్టాలి, పోగు తెగితే ముడి వెయ్యాలి, మళ్లీ నడిపించాలి. ఎవడి సాంచె తక్కువసేపు ఆగితే వాడిది ఎక్కువ గుడ్డ. కాబట్టి మా దృష్టిలో బలమంటే అలసిపోకుండా ఉండటం. గోలి వేసుకుంటే అలసట తెలియదు, అంటే గోలిలో బలం ఉంది, అంటే ఉరికేవాడికి కూడా అది పనికొస్తుంది. మా అన్న ఇంతవరకు ఆలోచించాడు. నేను అంత కూడా ఆలోచించలేదు, సగం గోలి నోట్లో వేసుకుని రోడ్డెక్కాను.

ఆహా, ఏం చెప్పాలి! ఒళ్లు దూదిలా అయిపోయింది. ఎండ ఉందో లేదో తెలియలేదు. ముందురోజు ఎక్కడ ఆగి మోకాళ్లు పట్టుకుని ఒగర్చానో ఆ కల్వర్టు దాటిపోయాను, వెనక్కి వచ్చాను, ఇంకా ఉరకాలనిపించింది. షెడ్డుకు వచ్చి మా అన్నను ఎత్తుకున్నంత పని చేశాను. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇక సీటు మనదే అనుకున్నాం ఇద్దరం.

ఆదివారం డ్రిల్లు సారు బడి గ్రౌండులో నన్ను ఐదు వేల మీటర్లు ఉరికించి తన చేతి గడియారంతో చూశాడు. అప్పటికి నేను సగం నుంచి ఒక పూర్తి గోలికి పెరిగాను, సారుకు ఆ సంగతి తెలియదు. నా జన్మలో అంత బాగా ఉరికింది లేదనిపించింది నాకు. ఆగి, రొమ్ము విరుచుకుని, "ఎంత సార్?" అన్నాను.

సారు గడియారాన్ని చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. "పోయిన నెలకన్న కొద్దిగ ఎక్కువనే వట్టింది రా."

"గడియారం ఖరాబైంది సార్."

"గడియారం మంచిగనే ఉంది."

"లేదు సార్, నాకెర్క గదా నేనెట్ల ఉరికిన్నో! చుట్లన్న తప్పు లెక్కవెట్టి ఉంటవు."

ఎవరితోనైనా గొడవకు దిగడం నాకు ఒక్క నిమిషం పని. సారు పెద్ద మనసున్నవాడు కాబట్టి ఊరుకున్నాడు. నా మొహం దగ్గరికి వచ్చి చూసి, "గింత ఎండల ఉరికినవ్, మొఖం గిట్ల తెల్లగ ఉన్నదేందిరా? చెమట ఏది?" అని మాత్రం అడిగాడు. గడియారం అబద్ధం చెప్తోంది, నా ఒళ్లు నిజం చెప్తోంది అనే నమ్మకంతో ఇంటికి వచ్చాను. ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది, నా మీద నాకే కోపం కూడా వస్తుంది. నిజాన్ని సారు ఆ ఆదివారమే నా కళ్ల ముందు పెట్టి చూపించాడు. నేను గడియారంతో పోట్లాడాను.

పరుగు మే నెలలో పెట్టారు. బంద్ పిలుపు ఉంటుందేమో, పొద్దున బస్సులు నడవవేమోనని ఒకరోజు ముందే బయలుదేరాను. కోరుట్లలో మా అక్క ఉంది, ఆ రాత్రి అక్కడ పడుకుని తెల్లారి జగిత్యాల పోవాలి. సారు నేరుగా జగిత్యాల వస్తానన్నాడు. బస్టాండుకు వచ్చిన మా అన్న గోలీల పొట్లం మొత్తం నా చేతిలో పెట్టాడు, దానితోపాటు డాక్టరు చిట్టీ కూడా. గోలీలు ఊరికే జేబులో ఉంటే తోవలో పోలీసులు అడుగుతారని ఆయన జాగ్రత్త. అన్నలకు మందులు మోసుకుపోతున్నారని ఆ రోజుల్లో చాలామందిని పట్టుకునేవాళ్లు.

"మరి నీకు?" అన్నాను.

"నాకేం గాదు. నాలుగు దినాలు గట్లనే నడుస్త. నువ్వు పరుగుకు ముందు రెండు ఏస్కో."

ఆయన ఊపిరి అప్పటికే ఈల వేస్తోంది. నేను విన్నాను. విని బస్సెక్కాను.

సాయంత్రం చందుర్తి దాటాక పోలీసులు బస్సును ఆపారు. మగవాళ్లందరినీ దింపి వరుసలో నిలబెట్టి జేబులు తడిమారు. నా దగ్గరికి వచ్చిన జవాను పొట్లం బయటికి తీశాడు.

"ఏంది గీ గోలీలు? ఎవనికి తీస్కవోతున్నవ్?"

అప్పుడు తెలిసింది నాకు, మా అన్న జాగ్రత్త నన్ను ఎక్కడ ఇరికించిందో. నా చొక్కా జేబులో రెండు కాగితాలున్నాయి. ఒకటి చెప్తుంది, ఈ మనిషికి ఆయాసం అని; డాక్టరు గీతల్లో పేరు ఎవరిదో మాత్రం చదవరాదు. రెండోది పరుగుకు రమ్మని పిలిచిన కాగితం. గోలీలు నావే అంటే రెండో కాగితం నన్ను పట్టిస్తుంది. మా అన్నవి అంటే, మరి మీ అన్న గోలీలు నీ జేబులో ఎందుకున్నాయి, ఏ అన్న అని అడుగుతారు.

"నావే సార్, ఆయాసం," అని చిట్టీ చూపించాను.

జవాను చిట్టీ చదివి, జేబులో ఇంకోసారి చెయ్యి పెట్టి రెండో కాగితం తీశాడు. దాన్ని కూడా చదివాడు. రెండూ పక్కపక్కన పట్టుకుని కాసేపు చూశాడు.

"ఆయాసం బీమారోనివి ఐదు వేల మీటర్లు ఉరుకుతవార నువ్వు?"

వరుసలో ఉన్నవాళ్లు కొందరు నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

"నీయే అయితే మింగు. నా ముంగట మింగు," అన్నాడు.

రెండు తీసి నీళ్లు లేకుండానే మింగాను. గొంతులో ఇరుక్కుని చేదు పైకొచ్చింది. ఆయన నా గొంతు కదిలేదాకా చూసి, కాగితాలు నా చేతిలో పెట్టి, వీపు మీద ఒక్కటిచ్చి బస్సెక్కమన్నాడు. బతికి బయటపడ్డందుకు నేను బస్సులో కూర్చుని నాలో నేనే నవ్వుకున్నాను. ఆ రెండు గోలీలు ఎప్పుడు లోపలికి పోయాయో, అవి రాత్రంతా ఏం చేస్తాయో ఆలోచించే తెలివి నాకెక్కడిది.

కోరుట్లలో మా అక్క బీడీలు చేసేది. నన్ను చూడగానే తంబాకు చాట పక్కన పెట్టి లేచి కోడిని కోయించింది. నేను పళ్లెం ముందు కూర్చుంటే ముద్ద గొంతు దిగలేదు. చేతులు వణుకుతుంటే లుంగీ కింద దాచుకున్నాను.

"చేతులు గట్ల వణుకుతున్నయేందిరా? సలి వెడ్తుందా?" అంది. మే నెలలో చలి! "తినకపోతే ఎట్ల ఉరుకుతవురా తమ్మీ, నేను గింత మంచిగ అండితే!" అని అలిగి తనూ తినలేదు. ఆ రాత్రి నాకు ఒక్క కునుకు పడలేదు. గుండె చెవిలో కొట్టుకున్నట్టుంది. తెల్లారి లేచేసరికి కళ్లు మండుతున్నాయి, అయినా ఒళ్లు హుషారుగానే ఉంది. చూశావా గోలి మహిమ అనుకున్నాను.

జగిత్యాలలో గ్రౌండు దగ్గర నలభై మంది దాకా ఉన్నారు. పొద్దున ఏడుకు అన్న పరుగు, పెద్ద సార్లు రావడం ఆలస్యమై పదకొండుకు మొదలైంది. మా అన్న చెప్పినట్టు పరుగుకు ముందు రెండు వేసుకున్నాను. పన్నెండున్నర చుట్లు తిరగాలి.

ఈల పడగానే నేను అందరికన్నా ముందు దూకాను. మొదటి చుట్టు అయ్యేసరికి నా వెనక ఉన్నవాడు ఇరవై అడుగుల దూరంలో ఉన్నాడు. జనం ఈలలు వేశారు. తాడు అవతల డ్రిల్లు సారు రెండు చేతులూ కిందికి ఊపుతూ, "మెల్లగ రా! మెల్లగ!" అని అరుస్తున్నాడు. ఈయనకేం తెలుసు అనుకున్నాను. నా దృష్టిలో పరుగు కూడా సాంచె లాంటిదే, ఆగకుండా ఉంటే చాలు. ఎప్పుడు వేగం దాచుకోవాలి, ఎప్పుడు వదలాలి అన్న ఆలోచనే నాకు లేదు. దాచుకోవాలని మనిషికి చెప్పేది అలసట. నాకు ఆ కబురు అందడం లేదు.

నాలుగు చుట్లు, ఐదు చుట్లు. నాలుక అంగిటికి అతుక్కుపోయింది. ఎండ నెత్తి మీద ఉంది కానీ వేడిగా లేదు, ఒళ్లు జలదరిస్తోంది, రోమాలు నిలబడ్డాయి. ఏడో చుట్టులో నొప్పేమీ లేకుండానే కాళ్లు నా మాట వినడం మానేశాయి. ఒక చోట వెయ్యాలనుకున్న అడుగు ఇంకో చోట పడుతోంది. ఎవడో నన్ను దాటిపోయాడు. పాపం, వీడు ఒక చుట్టు వెనకబడ్డాడు అనుకున్నాను. ఇంకొకడు దాటాడు. వీడూ వెనకబడ్డాడు అనుకున్నాను. అట్లా పదిమంది నన్ను దాటిపోయారు, పదిమందీ నా వెనకే ఉన్నారని నేను లోపల సంబరపడుతూనే ఉన్నాను.

ఎక్కడో పడ్డాను. లేచి మళ్లీ ఉరికాను. జనం పెద్దగా నవ్వుతున్నారు. ఎదురుగా మనుషులు ఉరికి వస్తున్నారు, వాళ్లు నా పక్క నుంచి తప్పుకుని పోతున్నారు. వీళ్లంతా తిరగబడి ఎందుకొస్తున్నారని నాకు ఒళ్లు మండింది, ఒకణ్ని తిట్టాను కూడా. డ్రిల్లు సారు తాడు దాటి వచ్చి నన్ను నడుం దగ్గర పట్టుకుని పక్కకు లాగాడు.

"ఎదురుంగ ఉరుకుతున్నవ్ రా నాయనా," అన్నాడు. ఆయన గొంతు ఏడుస్తున్నట్టుంది.

బోరింగు కింద కూర్చోబెట్టి బకెట్ల కొద్దీ నీళ్లు పోశారు. నాలుగు సార్లు వాంతి అయింది, నీళ్లు తప్ప ఏమీ రాలేదు. గుండె మాత్రం ఆగలేదు. పరుగు ఆగిపోయి గంటైనా అది అదే పరుగు ఉరుకుతోంది, పక్కటెముకల్లోంచి బయటికి దూకుతుందేమోనని రెండు చేతులతో పట్టుకున్నాను. చచ్చిపోతాననే భయం నాకు జీవితంలో మొదటిసారి అప్పుడు వేసింది, ఠాణాలో దెబ్బలు తిన్న రోజు కూడా అంత భయపడలేదు. తడిసిన చొక్కా విప్పుతుంటే పొట్లం కింద పడింది. సారు తీసి చూశాడు. అడిగాడు, చెప్పాను. నా చెంప మీద ఒక్కటి కొట్టి, నా పక్కనే మట్టిలో కూర్చున్నాడు.

"గీ గోలి కాళ్లకు బలమియ్యదురా. నీ కాళ్లు, గుండె, లోపలున్నయన్ని 'ఇగ మాతోని గాదు' అని మొత్తుకుంటుంటే నీకు ఇనవడకుండ జేస్తది. గంతే. ఎండల గది ఇంకా పాడు, లోపల ఉడుకుతున్నా నీకు తెల్వది. ఇంకో రెండు సుట్లు ఉరికుంటే నిన్ను బండిల ఏసుకపోవాల్సి అచ్చేది."

తిరుగు బస్సులో సారు నా పక్కనే కూర్చున్నాడు. సిరిసిల్ల చేరేసరికి పొద్దుగూకుతోంది. మా అన్న బస్టాండులో గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. రెండు రోజులు గోలీలు లేకుండా ఎనిమిది సాంచెలు నడిపిన మనిషి ఎట్లా ఉంటాడో అట్లా ఉన్నాడు. పెదవులు నల్లబడ్డాయి, భుజాలు చెవుల దాకా లేస్తున్నాయి, ఒక్కో మాటకు ఆగి గాలి తీసుకుంటున్నాడు. సీటు వచ్చిందా అని అడగలేదు, నా మొహం చూసి తెలుసుకున్నాడు. అడిగింది ఒక్కటే.

"గోలి... పని జేయలేదార?"

నిజం చెప్పాల్సిన చోటు అది. కానీ ఆ మనిషి తన ఊపిరి తీసి పొట్లం కట్టి నా జేబులో పెట్టాడు. నీ గోలీయే నన్ను ముంచిందని ఏ నోటితో చెప్పను?

"గోలి మంచిగనే పని జేసిందే అన్నా," అన్నాను. "కాలు మెలకవడి పడ్డ. లేకుంటే మొదటోన్ని నేనే."

డ్రిల్లు సారు నా వైపు చూశాడు. మా అన్న మొహం వెలిగింది. మిగిలిన గోలీలు ఆయన చేతిలో పెడితే అప్పటికప్పుడు ఒకటి వేసుకున్నాడు.

తర్వాతి ఏడాది అంతా వేరు. "కరెంటు వొయినప్పుడు ఉరుకుడు ఏం సాధన రా? రోజు రెండు గంటలు ఉరుకు, నీ సాంచెలు నేను జూస్కుంట," అన్నాడు మా అన్న. నేను మొహమాటపడ్డాను, ఆయన వినలేదు. సారు నన్ను మళ్లీ మొదటి నుంచి నడిపించాడు, అక్షరాలు దిద్దించినట్టు. అలసట వస్తే దానితో పోట్లాడొద్దు, అది ఏం చెప్తుందో విను అనేవాడు. పిక్కలు బిగిస్తే అడుగు తగ్గించడం, ఊపిరి ఎగిసిపడితే రెండు నిమిషాలు సర్దుకోవడం, ఆఖరి మూడు చుట్లకు కొంత మిగుల్చుకోవడం, ఇవన్నీ ఆ ఏడాదే నేర్చుకున్నాను. నా ఒంటికి ఇన్ని మాటలు వచ్చని నాకు అంతకుముందు తెలియదు. గోలి ముట్టలేదు. పరుగు నాడు మా అన్న ఇచ్చిన రెండింటినీ జగిత్యాలలో మురుగు మోరీలో పారేసి ఉరికాను. ఎనిమిదో చుట్టు దాకా ఆరో స్థానంలో ఉండి, తర్వాత ఒక్కొక్కరినే దాటి రెండోవాడిగా వచ్చాను, సీటు దొరికింది. కాళ్లు మండిపోయాయి, ఊపిరి కోసుకుపోయింది, ప్రతి నొప్పీ తెలిసింది. ఆగాక వెక్కి వెక్కి ఏడ్చాను.

ట్రైనింగులో ఉండగానే కబురు వచ్చింది, మా అన్న సాంచె ముందు పడిపోయాడని. జగిత్యాలలో అదే ఛాతి డాక్టరు దగ్గర చేర్పించారు. గుండె పెద్దదైంది, కొట్టుకోవడం అదుపు తప్పింది అన్నాడు డాక్టరు. "నేను రెండు రాసిన, ఈయన రోజుకు ఎన్ని మింగుతున్నడో మీకెవ్వలకు తెల్వదా?" అని నా మీద అరిచాడు. గోలి మంచిగనే పని జేసిందే అన్నా అన్న నా మాట తప్ప నాకు ఇంకేదీ వినబడలేదు.

బతికాడు. కానీ మళ్లీ సాంచె ముందు నిలబడలేదు. ఇంట్లో కూర్చుని వదినతో పాటు కండెలు చుట్టేవాడు. నేను బడిలో డ్రిల్లు మాస్టరునయ్యాను, ఈల కొనుక్కున్నాను, పిల్లల మీద కావాల్సినంత అరిచాను. ఆ అబద్ధం మాత్రం నా లోపల పుండులా ఉండిపోయింది. తొమ్మిదేళ్లు దాచాను. ఒక ఆదివారం పొద్దున ఆయన కండెలు చుడుతుంటే ఎదురుగా కూర్చుని చెప్పేశాను. కాలు మెలికపడలేదని, గోలి వల్లనే ఎదురుగా ఉరికానని, నా మాట నమ్మే నువ్వు ఇట్లా అయ్యావని.

ఆయన దారం తెగకుండా కండె పూర్తి చేసి, తీసి బుట్టలో వేశాడు.

"నాకెర్కే," అన్నాడు. "నువ్వు అచ్చిన తెల్లారే డ్రిల్లు సారు షెడ్డుకాడికి అచ్చి అంత జెప్పిండు. గుండె సంగతి గూడ జెప్పిండు."

నాకు పిచ్చి కోపం వచ్చింది. తొమ్మిదేళ్లు నేను కుమిలిపోతుంటే ఈయన తెలిసీ నోరు విప్పలేదు. "ఎర్కుంటే మరి రెండో ఏడు నాకెందుకిచ్చినవ్?" అని అరిచాను.

"నువ్వు పారేస్తవని గూడ ఎర్కే. ఇయ్యకుంటే నాకు తెల్సిందని నువ్వు పరేషానవుతవని ఇచ్చిన. రెండు గోలీలు దండుగ," అని నవ్వాడు, నవ్వు దగ్గులోకి తిరిగింది.

"మరి నువ్వెందుకు మింగినవే? గుండె పోతదని తెల్సి గూడ!"

దగ్గు ఆగేదాకా చెయ్యి పైకెత్తి నన్ను ఆగమన్నాడు.

"నాకు ఉరికేది లేకుండె గదరా. నేను మేలుకోని ఉంటే చాలు, దానికి గోలి మంచిగనే పని జేస్తది. ఎనిమిది సాంచెలు తమ్మీ. నువ్వు రోడ్డు మీద ఉరుకుతున్నవ్, ఇక్కడ నాకు కన్ను మూతవడితే ఎట్ల?" అన్నాడు. తర్వాత నా మోకాలి మీద చెయ్యి వేసి, "నువ్వైతే ఒట్టి ఊపిరితోని ఉరికి గెల్సినవ్. డ్రిల్లు సారుకు జెప్పుకొని మురిసిన, నా తమ్ముడు గోలి ముట్టలేదని," అన్నాడు.

ఒట్టి ఊపిరితో గెలిచానని ఆ రోజు దాకా నేనూ అనుకున్నాను. నా ఆ పరుగుకు మింగాల్సిన గోలీలన్నీ ఏడాది పొడుగునా మా అన్న మింగాడు.